సెకండ్ హ్యాండ్ గాజు ఫ్లవర్ వాజ్ ఎక్కడిదో కనిపెట్టడం ఎలా?

గుప్పెట్లో పట్టేంత చిన్న గాజు వాజ్. పాత సామాన్ల మధ్య కనబడింది, రంగు నచ్చింది, కొనేశారు. ఇంటికొచ్చాక ప్రశ్న మొదలవుతుంది: ఇది ఏ దేశంలో తయారైంది? చాలామంది వెంటనే ఫొటో తీసి ఆన్‌లైన్‌లో వెతుకుతారు. పోలికలు బోలెడు వస్తాయి, కానీ అమ్మేవాళ్లు పెట్టిన పేర్లలో ఊహలే ఎక్కువ. మందంగా, రంగురంగులుగా ఏది కనబడినా ‘మురానో’ (గాజు పనికి పేరున్న ఇటలీ దీవి) అని రాసేస్తారు. అందుకే పేరు సంగతి కాసేపు పక్కనపెట్టి, ముందు అది ఎలా తయారైందో చూడండి. అది తెలిస్తే పేర్లు వాటంతటవే తగ్గుతూ వస్తాయి.

ముందు శుభ్రం చేయండి

గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి గుడ్డ చాలు. మరిగే నీళ్లు పోయకండి, పాత గాజు చిట్లిపోవచ్చు. అసలు తడిపే ముందే స్టిక్కర్ ఏదైనా ఉందేమో చూడండి. సగం చిరిగిన కాగితం ముక్కైనా సరే, ఫొటో తీసుకుని అక్కడ నీళ్లు తగలకుండా తుడవండి. లండన్‌లోని వైట్‌ఫ్రయర్స్ గాజు ఫ్యాక్టరీ వస్తువుల్లో, మురానో వస్తువుల్లో చాలావాటికి స్టిక్కర్ తప్ప వేరే గుర్తు ఉండదు. దాన్ని గోటితో గీకేస్తే మళ్లీ తెచ్చుకోలేం.

అడుగు చూడండి, తొందరపడకండి

మడతపెట్టిన తువ్వాలు మీద వాజ్‌ని బోర్లించి, భూతద్దం, టార్చ్ దగ్గర పెట్టుకోండి. ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే.

గొట్టంతో ఊది చేసిన వస్తువుకి చివర్లో మూతి సరిచేయాలంటే, దాని అడుగుని ఒక ఇనప కడ్డీకి అంటిస్తారు. పని అయ్యాక కడ్డీని విడగొట్టిన చోట మిగిలే మచ్చే పాంటిల్ మచ్చ. కొన్నిటికి అది గరుకుగా వేలికి గుచ్చుకుంటుంది, కొన్నిటికి సానపట్టిన నున్నటి గుంటలా ఉంటుంది. బ్రిటన్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ఉన్న గాజు స్టూడియో పాత వస్తువుల అడుగున మంట ఆకారంలో ముద్ర కూడా కనిపిస్తుంది.

తర్వాత పక్కల మీద గోరు నడిపించండి. నిలువుగా సన్నటి గీత తగిలితే అచ్చు వాడారని అర్థం. ఆ గీత మూతి మీదుగా కూడా సాగితే మెషిన్ పని అయ్యే అవకాశం ఎక్కువ, మూతికి ముందే ఆగిపోతే మూతిని చేత్తో సరిచేసి ఉంటారు. గీత ఉందని వస్తువుని చులకన చేయొద్దు. డిజైనర్ జెఫ్రీ బాక్స్టర్ రూపొందించగా 1967లో వైట్‌ఫ్రయర్స్ తెచ్చిన చెట్టు బెరడు వాజ్‌లు అచ్చులో ఊదినవే, వాటికోసం ఇప్పటికీ కలెక్టర్లు వెతుకుతుంటారు. చెకొస్లొవేకియాలో స్క్లో యూనియన్ అనే గాజు సంస్థ అచ్చువత్తి చేసిన వాజ్‌లు డిజైన్‌లో చాలా అందమైనవి, చాలావాటి మీద పేరే ఉండదు.

బల్లకి ఆనే అంచు మీద గీతలు కూడా చూడండి. ఏళ్ల తరబడి వాడితే గీతలు అన్ని దిక్కులా, ఒకదాని మీద ఒకటి పడతాయి. అన్నీ ఒకే వైపుకి సమంగా ఉన్నాయంటే పాతదిలా కనబడాలని ఎవరో గరుకు కాగితంతో రుద్ది ఉంటారు.

ఇప్పుడు అడుగు మీద నోటితో ఆవిరి ఊదండి. యాసిడ్‌తో వేసిన ముద్ర కాలం గడిచేకొద్దీ కంటికి ఆనదు. నా దగ్గరున్న పొగరంగు వాజ్ మీద ఏమీ లేదనే చాలా రోజులు అనుకున్నాను. ఒక ఉదయం తుడుస్తూ ఊదితే, ఆవిరి పట్టిన చోట చంద్రవంకలా అక్షరాలు తేలాయి: ‘మేడ్ ఇన్ చెకొస్లొవేకియా’. రెండు సెకన్లలో మాయమయ్యాయి! అందుకే ఫోన్ కెమెరా ముందే ఆన్ చేసి పెట్టుకోండి.

దేశం పేరులోనే కాలం ఉంటుంది

చెకొస్లొవేకియా అనే దేశం 1918లో ఏర్పడి 1992 చివర్లో విడిపోయింది. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949 - 1990 మధ్యది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952లోపు. బ్రిటన్‌లో 1842 నుంచి 1883 వరకు రిజిస్టరైన డిజైన్లకు డైమండ్ ఆకారపు గుర్తు వేసేవారు, 1884 నుంచి నంబర్ వచ్చింది. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం 1891లో అమల్లోకి వచ్చింది. అయితే ఆ పేరు కాగితం మీద ఉన్నా సరిపోయేది కాబట్టి, పేరు లేనంత మాత్రాన అంతకంటే పాతదని అనుకోకండి.

సంతకాన్ని వెంటనే నమ్మేయకండి

సంతకం గీతలు పాత అరుగుదల గీతల్ని కోసుకుంటూ వెళ్లాయంటే, దాన్ని తర్వాత చెక్కి ఉంటారు. ‘ఆర్. లలిక్’ అనే సంతకం సాధారణంగా 1945కు, అంటే ఫ్రెంచ్ గాజు కళాకారుడు రెనే లలిక్ మరణానికి, ముందు వస్తువులది. మరో ఫ్రెంచ్ గాజు కళాకారుడి పేరైన ‘గాలే’ పక్కన ‘టిప్’ అని కనబడితే అది ఆ శైలిలో రుమేనియాలో చేసిన ఇటీవలి వస్తువు.

వంటింటి త్రాసుతో ఒక పరీక్ష

ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ముందు పొడి వాజ్‌ని తూచండి, 600 గ్రాములు వచ్చిందనుకుందాం. తర్వాత నీళ్లున్న గిన్నెని త్రాసు మీద పెట్టి రీడింగ్‌ని సున్నా చేయండి. వాజ్‌కి గట్టి దారం కట్టి, గిన్నెకి తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. లోపల గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఇప్పుడు త్రాసు 240 చూపిస్తే, 600ని 240తో భాగించండి: 2.5. అది మామూలు సోడా గాజు. 200 చూపిస్తే 3.0, సీసం బాగా కలిపిన క్రిస్టల్. యూరప్ నిబంధనల ప్రకారం కనీసం 24 శాతం సీసం ఆక్సైడ్ ఉన్న లెడ్ క్రిస్టల్ సాంద్రత కనీసం 2.90 ఉండాలి. మురానో పని సంప్రదాయంగా సోడా గాజుతో సాగుతుంది కాబట్టి, 3.0 వచ్చిన వాజ్‌ని మురానో అంటే నేను ఒప్పుకోను.

యూవీ టార్చ్ ఉంటే చీకట్లో వేసి చూడండి. ప్రకాశవంతమైన ఆకుపచ్చ వెలుగు వస్తే యురేనియం గాజు. మాంగనీస్ కలిసినా మసక ఆకుపచ్చ కాంతి వస్తుంది, ఆ రెండూ ఒకటి కాదు. దీనితో దేశం తేలదు, కాలం గురించి మాత్రం కొంత తెలుస్తుంది.

ఇప్పుడు పేరు వెతకండి

ఎత్తు, అడుగు వ్యాసం, బరువు, తయారీ పద్ధతి ఒక కాగితం మీద రాసుకుని, పాత ఫ్యాక్టరీ క్యాటలాగుల్లోని బొమ్మలతో పోల్చండి. అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియం, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తమ సేకరణల ఫొటోల్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. మూతిని చేత్తో సరిచేసిన వాటికి ఎత్తులో కొన్ని మిల్లీమీటర్ల తేడా సహజం. ఆకారం, రంగు, కొలతలు, అడుగు, ఈ నాలుగూ కలిస్తేనే ఆ పేరు రాయండి. కలవకపోతే ‘అచ్చులో ఊదినది, బహుశా మధ్య యూరప్, 1960లు’ అని పెన్సిల్‌తో రాసి వాజ్‌లో వేసి ఉంచండి. తర్వాత ఎప్పుడైనా అలాంటిదే స్టిక్కర్‌తో సహా కనబడితే ఆ కాగితమే పనికొస్తుంది.