ప్రాణహిత ఇసుకలో ఒక రాత్రి: టెంటు వేసేవాళ్లకు సిరొంచ నుంచి నాలుగు మాటలు

ఈమధ్య హైదరాబాద్ నుంచి, వరంగల్ నుంచి చుట్టాలు ఎవరు ఫోన్ చేసినా ఒకటే అడుగుతున్నారు, "మీ దగ్గర నది ఒడ్డున టెంటు వేసుకోవచ్చంట కదా" అని. వేసుకోవచ్చు. కాకపోతే వీడియోల్లో చూసే క్యాంప్‌సైట్ లాంటిది కాదు. గేటు లేదు, టికెట్ లేదు, బాత్రూమ్ లేదు, చెట్టు నీడ కూడా లేదు. సంక్రాంతి వెళ్లేసరికి ప్రాణహిత సన్నబడి ఓ పక్కకు ఒదిగిపోతుంది, మిగిలిందంతా ఇసుకే, ఎండ పడితే కళ్లు చికిలించుకుని చూడాల్సినంత తెల్లగా ఉంటుంది. రాజస్థాన్ చూడని మాలాంటివాళ్లకు ఇదే ఎడారి. వెనక్కి తిరిగితే టేకు అడవి.

మాది మహారాష్ట్రే, గడ్చిరోలి జిల్లా. ఆఫీసులో మరాఠీ, బజారులో, ఇంట్లో తెలుగు, అందుకని ఇక్కడ మీకు భాష ఇబ్బంది రాదు. హైదరాబాద్ వైపు నుంచి కాళేశ్వరం వచ్చి గోదావరి వంతెన దాటితే సిరొంచే. మంచిర్యాల వాళ్లు చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన ఎక్కాలి. చంద్రపూర్ వైపు నుంచి ఆలపల్లి మీదుగా వచ్చేవాళ్లు మాత్రం పొద్దుండగానే చేరేట్టు బయల్దేరండి, ఆ దారిలో అడవి ఎక్కువ, ఊళ్లు తక్కువ.

ఎప్పుడు రావాలంటే, సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య. అంతకుముందైతే ఇసుకలో చాలా చోట్ల ఇంకా చెమ్మ పోదు, చలి కూడా ఎముకల్లోకి దిగుతుంది. శివరాత్రికి కాళేశ్వరం జాతర, జనం. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి, ఏప్రిల్, మేలో 45 డిగ్రీలు మాకు వింతేమీ కాదు, ఆ ఇసుక మీద చెప్పుల్లేకుండా పది అడుగులు కూడా వేయలేరు. ఇంకో కారణం కూడా ఉంది. వేసవి మొదలయ్యే రోజుల్లో తీతువు పిట్టలు, నది మీద తిరిగే రేవు పిట్టలు వట్టి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. గూడు ఉండదు, చిన్న గుంట, అంతే. గుడ్డు రంగు ఇసుక రంగులోనే ఉంటుంది కాబట్టి కాలు పడేదాకా తెలియదు. ఫిబ్రవరి చివర్లో వచ్చినా సరే, టెంటు వేసే ముందు ఆ జాగా అంతా వంగి చూసుకుంటూ ఒకసారి నడవండి. ఏదైనా పిట్ట నెత్తి మీద గోల గోలగా తిరుగుతుంటే అది మిమ్మల్ని పొమ్మంటోందని అర్థం, ఇంకో చోటు చూసుకోండి.

రాగానే టెంటు బయటికి తీయొద్దు. ముందు ఊళ్లోకి వెళ్లండి. ప్రతి ఊరికీ పోలీస్ పాటిల్ ఉంటారు, అంటే ఊరి శాంతిభద్రతలు చూసే గ్రామాధికారి, ఆయనకు చెప్పండి, పోలీస్ స్టేషన్‌లో కూడా ఎంతమంది, ఏ ఊరు, ఏ రాత్రి అని చెప్పి రండి, ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. ఇది దశాబ్దాల పాటు నక్సల్ ప్రభావం చూసిన జిల్లా. రాత్రి నది మధ్యలో టార్చ్‌లైట్లు కదులుతుంటే ఎవరైనా అనుమానిస్తారు, మనం ముందే చెబితే ఏ టెన్షన్ లేదు. డ్రోన్ ఇంట్లో వదిలేసి రండి. ఒడ్డు దాటి అడవిలోకి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి, రిజర్వ్ ఫారెస్ట్‌లో టెంటు వేస్తే కేసే. ఇసుక వేరు, అడవి వేరు. ఈ గీత చాలామందికి తెలియదు.

ఇక జాగా. నీళ్ల పక్కన వేసుకుంటే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. రెండు పాయల మధ్య ఉన్న ఇసుక తిన్నె ఫొటోల్లో అద్భుతంగా ఉంటుంది, అక్కడ మాత్రం వేయొద్దు. ప్రాణహిత అంటే వార్ధా, వైన్‌గంగా కలిసిన నీళ్లు. పైన విదర్భలో అకాల వర్షం పడినా, గోసీఖుర్ద్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలినా, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే నది పెరగొచ్చు. మీరు నిద్రలో ఉండగా వెనక పాయ నిండితే బయటికి దారి ఉండదు. 2022 జులైలో వరద ఎంత వచ్చిందో చూసినవాళ్లం కాబట్టి ఈ నదిని తక్కువగా అనుకోం. అది వానాకాలం, నిజమే, ఫిబ్రవరిలో అంత రాదు, కానీ టెంటు మునగడానికి మోకాలి లోతు చాలు కదా. ఒడ్డు నుంచి నడిచి వెళ్లగలిగిన చోట, చుట్టుపక్కల కన్నా ఎత్తున్న తిన్నె చూసుకోండి. సాయంత్రం నీటి అంచున ఒక కర్ర గుచ్చి, పడుకునే ముందు ఒకసారి, నడిరాత్రి లేచినప్పుడు ఒకసారి చూడండి. కర్ర నీళ్లలోకి పోయిందంటే సామాను గురించి ఆలోచించకుండా ఒడ్డెక్కేయండి.

2023 అక్టోబరులో మాకు దిగువన గోదావరి మీదున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక గేట్లు ఎత్తేశారు, దాంతో ఇంతకుముందు నీళ్లు నిలిచిన చోట కూడా ఇసుక తేలింది. కొత్తగా తేలిన ఇసుకను నమ్మకండి. కొన్ని చోట్ల పైన గట్టిగా కనపడి లోపల ఊబిగా ఉంటుంది, కర్రతో పొడిచి చూసుకుంటూ నడవాలి. ఇసుక తవ్విన గుంతలు ఇంకా ప్రమాదం, మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో మనిషి మునిగిపోయేంత లోతుకు పడతారు. ఈత వచ్చినవాళ్లు కూడా పోతారు, ధైర్యంగా దిగుతారు కాబట్టి. స్నానం చేయాలంటే ఊరివాళ్లు చేసే రేవులోనే చేయండి, అదీ పొద్దున. ఎగువన గోదావరి మీద శివ్వారం అభయారణ్యం ఉన్నదే మొసళ్ల కోసం, వాటికి మన జిల్లా సరిహద్దులు తెలియవు.

టెంటు వేయడం దగ్గరే నేను చాలా నేర్చుకున్నాను, పరువు పోగొట్టుకుని మరీ. మొదటిసారి నగరంలో ఒక పెద్ద దుకాణంలో టెంటు కొంటే ఆ అమ్మినాయన మేకులు చూపించి "ఎక్కడైనా దిగుతాయి సార్" అన్నాడు. దిగడం వరకు నిజమే, వెన్నలో కత్తిలా దిగాయి, మొదటి గాలికి అంతే సులువుగా వచ్చేశాయి కూడా. రాత్రి పదింటికి నేనూ మా బామ్మర్దీ ఇసుకలో టెంటు వెనక పరుగెడుతుంటే ఒడ్డు మీద పశువుల కాపరి ఒకాయన నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. తర్వాత ఆయనే చెప్పాడు ఏం చేయాలో.

ఖాళీ యూరియా సంచులు, లేదంటే చిన్న బియ్యం సంచులు, టెంటుకు ఆరు తెచ్చుకోండి. సగం దాకా ఇసుక నింపి మూతి కట్టేయాలి. టెంటు తాడును సంచి నడుముకు కట్టాలి, మూతికి కాదు. మూరెడు లోతు గుంట తీసి, తాడు వచ్చే దిక్కుకు సంచి అడ్డంగా ఉండేలా పడుకోబెట్టి, పైన ఇసుక కప్పి కాలితో గట్టిగా తొక్కి, ఒక చెంబు నీళ్లు పోయండి. తడి ఇసుక పట్టు వేరు. తాడు గుంటలోంచి ఏటవాలుగా బయటికి రావాలి, నిట్టనిలువుగా లాగితే సంచి లేచిపోతుంది. ఇలా కట్టిన టెంటు గాలిదుమారం వచ్చినా కదలదు, నాకైతే తర్వాత ఎప్పుడూ కదల్లేదు. వంపు పుల్లలతో తనంతట తాను నిలబడే గుండ్రని టెంటు అయితే మంచిది, మేకుల మీదే ఆధారపడి నిలబడే రకం ఇక్కడికి పనికిరాదు. గుమ్మం గాలికి ఎదురుగా పెట్టకండి. కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే రాత్రి మంచు దాని మీద కారి లోపలికి చేరుతుంది. అవును, ఎడారిలాగే ఇక్కడ కూడా పగలు చొక్కా తడిసిపోతుంది, తెల్లవారుజామున దుప్పటి చాలదు. పైన కప్పుకునేదానికన్నా కింద వేసుకునేది ముఖ్యం, ఇసుక చల్లబడిందంటే వీపులోంచి వేడి లాగేస్తుంది. ఒక బొంత తెచ్చుకోండి.

నీళ్లు మనిషికి రోజుకు తాగడానికే నాలుగైదు లీటర్లు లెక్క వేసుకోండి, వంటకు వేరే. ఊళ్లో ఇరవై లీటర్ల క్యాన్లు దొరుకుతాయి. మా అమ్మమ్మ వాళ్లు ఇసుకలో చెలమ తీసి ఆ నీళ్లే తాగేవాళ్లు: పాయకు నాలుగు బారల దూరంలో గుంట తవ్వి, మొదట ఊరిన నీళ్లు రెండు మూడుసార్లు తోడిపారేస్తే తర్వాత ఊరేవి తేటగా, చల్లగా, కొంచెం తియ్యగా కూడా ఉంటాయి. పిల్లలకు చూపించండి, వాళ్ల చేత తవ్వించండి, గిన్నెలు కడుక్కోండి. తాగడానికి మాత్రం వద్దు. వార్ధా నది చంద్రపూర్ బొగ్గు గనుల ప్రాంతం మీదుగా వస్తుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, కానీ రసాయనాలు పోవు.

మంట పెట్టుకోవాలని అందరికీ సరదా. వరదకు కొట్టుకొచ్చి ఎండిన కట్టెలు ఇసుకలోనే దొరుకుతాయి, అడవిలోంచి పుల్ల కూడా తేవద్దు. ఒడ్డుకు దూరంగా, ఎండు రెల్లు గడ్డి లేని చోట చిన్న మంట చాలు. ఆర్పడం దగ్గరే అందరూ తప్పు చేస్తారు, పైన ఇసుక కప్పేసి ఆరిపోయిందనుకుంటారు. ఆరదు. కింద నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది, పైన మామూలు ఇసుకలా కనపడుతుంది. మా చిన్నాన్న కొడుకు పొద్దున్నే అలా కప్పిన చోట కాలు పెట్టాడు, నెల రోజులు చెప్పు వేసుకోలేకపోయాడు. నీళ్లు పోయండి, కలపండి, మళ్లీ పోయండి, చెయ్యి పెట్టి చూసేంత చల్లబడేదాకా. స్టవ్ తెచ్చుకుంటే కింద ఒక చెక్క వేయండి, లేకపోతే పప్పు గిన్నె ఒరిగి ఇసుకపాలవుతుంది. అసలు మొదటిసారి వచ్చేవాళ్లు వండకపోవడమే మేలు. జొన్న రొట్టెలు, పులిహోర, మామిడికాయ తొక్కు కట్టుకొస్తే సరిపోతుంది.

చీకటి పడ్డాక నది మనది కాదు. దుప్పులు, అడవి పందులు, ఒక్కోసారి ఎలుగుబంటి నీళ్లకు దిగుతాయి, ఈ అడవుల్లో పులి కూడా తిరుగుతుంది. పగలే ఇసుకలో అడుగులు చూడండి. ఒకే వరసలో చాలా గిట్టల గుర్తులు నీళ్ల వైపు పోతుంటే అది వాటి దారి, దానికి బాగా ఎడంగా టెంటు వేయాలి. తిండి టెంటులో పెట్టుకోకండి, మూత బిగించి బండిలో పెట్టండి, ఎంగిలి ఆకులు చుట్టూ పారేయకండి. ఒంటరిగా ఒడ్డు వైపు పోవద్దు, ముఖ్యంగా తెల్లవారుజామున. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడానికి మా వాళ్లే గుంపులుగా, మాట్లాడుకుంటూ వెళ్తారు. పాటలు పెట్టే స్పీకర్ మాత్రం తేవద్దు, ఇక్కడిదాకా వచ్చి అది వినడమెందుకు?

బూట్లు బోర్లించి దులిపి వేసుకోవడం ఎప్పుడూ మర్చిపోకండి, తేళ్లు అందులోనే చేరతాయి. పాము కరిస్తే కోయడం, కట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయకండి. కాలు కదలకుండా పడుకోబెట్టి మోసుకుని బండెక్కించి సిరొంచ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, 108కి ఫోన్ చేయండి. అందుకే కనీసం ఒక బండి ఒడ్డు మీద రోడ్డు వైపు తిప్పి పెట్టి ఉంచాలి, తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి. బండిని ఇసుకలోకి దింపొద్దు. దిగబడితే ట్రాక్టర్ పిలవాలి, ట్రాక్టర్ ఆయన ఎంత అడిగితే అంత.

అమావాస్యకు దగ్గరగా వస్తే ఆకాశం చూసి తీరాలి. తలెత్తగానే గొల్లకావడి, అంటే వరసగా మూడు చుక్కలు, దానికి కాస్త ఎడంగా పిల్లలకోడి, అంటే చిన్న చుక్కల గుత్తి, ఊరి దీపాలు లేవు కాబట్టి చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. మర్నాడు ఓపిక ఉంటే వడదం ఫాసిల్ పార్కుకు వెళ్లండి, రాయిగా మారిన చెట్లు ఉంటాయి. ఈ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర బరపాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి, ఇప్పుడు ఆ అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. మా ఊరి బల్లిని చూడాలంటే మేం బెంగాల్ పోవాలి.

దొడ్డికి ఇసుకలో కూర్చోవద్దు, అక్కడ ఏదీ మట్టిలో కలవదు, వాన వస్తే అంతా నదిలోకే. ఒడ్డెక్కి, నీటి నుంచి డెబ్బై పెద్ద అంగల దూరం నడిచి, జానెడు గుంట తీసి, కప్పేయండి. పొద్దున టెంటు విప్పేటప్పుడు ముందు సంచులు తవ్వి తీసి, ఇసుక ఒలకబోసి, లెక్కపెట్టుకోండి, ఆరు పాతితే ఆరూ బయటికి రావాలి, పశువుల గిట్టలకు తాడు చుట్టుకుంటే పాపం. చెలమ పూడ్చేయండి. టెంటు జిప్పులో ఇసుక ఉండగా లాగితే పళ్లు పోతాయి, పాత పళ్ల బ్రష్‌తో దులిపి లాగండి. ఇంటికొచ్చాక దాన్ని డాబా మీద రెండు రోజులు ఎండేస్తే చాలు, ఎంత దులిపినా మూలల్లో ఇంకో పిడికెడు ఇసుక మాత్రం వస్తూనే ఉంటుంది.