సభ్యత్వ కార్డు చూసి మనిషి రాజకీయం అంచనా వేయాలంటే

జనం ఏ పార్టీ వైపున్నారో తెలుసుకోవడానికి తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంటింటి సర్వేకు బయల్దేరే విద్యార్థులు ముందుగా ఓటరు జాబితా మీద ఆశ వదులుకోవాలి. ఓటరుగా చేరడానికి నింపే ఫారం 6లో పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడుగుతారు గానీ పార్టీ అడగరు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అడుగుతారు. అక్కడైనా ఆ నమోదును నమ్ముకుంటే దెబ్బతింటాం. పెన్సిల్వేనియాలో ఒక పార్టీ ప్రైమరీలో, అంటే ఆ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటేయాలంటే ఆ పార్టీ కింద నమోదై ఉండాలి. కాబట్టి తమ ప్రాంతంలో ఎప్పుడూ గెలిచే పార్టీలో నచ్చిన అభ్యర్థిని నిలబెట్టుకోవడానికే చేరేవాళ్లుంటారు. కెంటకీలో 2000 నుంచి అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిసారీ రిపబ్లికన్లదే పైచేయి. అయినా 2022 దాకా నమోదైనవాళ్లలో డెమోక్రాట్లే ఎక్కువ. ఓటు మారింది, రాయించుకున్న పార్టీ పేరు మారలేదు.

మన దగ్గర చేతికి దొరికేది పార్టీ సభ్యత్వ కార్డు. చూపించగానే పార్టీ పేరు రాసేసుకోకండి. డబ్బు ఎవరు కట్టారు, దాంతో ఏం వచ్చింది, గడువు తీరాక మళ్లీ కట్టారా అని అడగండి. 2024లో తెలుగుదేశం సభ్యత్వానికి 100 రూపాయలు తీసుకుని 5 లక్షల ప్రమాద బీమా ఇచ్చారు. జనసేన క్రియాశీలక సభ్యత్వానికి అప్పుడు 500 రూపాయలు, దానికీ బీమా ఉండేది. ఆటో నడిపే మనిషి, కూలికి పోయే మనిషి బీమా కోసమే కార్డు తీసుకుంటే అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. మీ సర్వే ఫారంలో మాత్రం ఆ కారణం రాసుకోవాలి. వార్డు నాయకుడు లెక్క చూపించుకోవడానికి ఇంటిల్లిపాదికీ తానే కట్టేసిన కార్డులూ ఉంటాయి. మిస్డ్‌కాల్‌తో బీజేపీలో చేరడం ఇంకా తేలిక. సీపీఎం సంగతి వేరు: ఇద్దరు సభ్యుల సిఫార్సు, ఏడాది క్యాండిడేట్ (పరిశీలన) సభ్యత్వం, ఆదాయాన్ని బట్టి పార్టీకి కట్టే లెవీ, ఏటా రెన్యువల్. ఆ కార్డు మనిషి గురించి చాలా చెబుతుంది.

కార్డు ప్రశ్న చివర్లో పెట్టండి. ముందే అడిగితే తర్వాతి జవాబులన్నీ పార్టీ మాటలే అవుతాయి. తోతాపురి మామిడి ధర, తాగునీరు, బడిలో తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా, ఇలా ఐదారు విషయాలతో మొదలుపెట్టండి. పదిమంది కూర్చున్న అరుగు మీద అడగొద్దు. ఇంటి పెద్ద పక్కనుంటే కోడలి నోట ఆయన అభిప్రాయమే వస్తుంది, సర్వేలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఓటు గురించి నోటితో చెప్పించకండి. ఎమ్మెల్యేకి ఒకటి, ఎంపీకి ఒకటి, రెండు చీటీలిచ్చి మడిచి డబ్బాలో వేయించండి. 2024లో తిరుపతి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లూ కూటమికి దక్కాయి, ఎంపీగా మాత్రం వైఎస్సార్‌సీపీ అభ్యర్థి మద్దిల గురుమూర్తి గెలిచారు. ఒకే చీటీ ఇస్తే ఈ తేడా మీ లెక్కలోకి రాదు.

కార్డు మీది తేదీ కూడా రాసుకోండి. 2009లో తిరుపతిలో చిరంజీవిని గెలిపించిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తేదీ లేకపోతే అలాంటి పాత కార్డును ఏ పార్టీ కింద లెక్కేయాలో మీకే తెలియదు.