గడప దాటని కెమెరా: ఆంక్షల రోజుల్లో ఇంట్లోనే ఫొటోగ్రఫీ

2020–21లో కరోనా ఆంక్షలు ఉన్నంతకాలం ప్రయాణాలు, వేడుకలు, వీధి ఫొటోలు ఆగిపోయాయి. మిగిలినవి ఒక గది, ఒక కిటికీ, కావలసినంత తీరిక. కొత్తగా కెమెరా పట్టేవాళ్లకు నిజానికి అలాంటి తీరిక మంచి అదను. బయట వెలుగు మన మాట వినదు, మనుషులు నిలబడరు, ఫొటో ఎందుకు చెడిందో తెలిసేలోపు సందర్భం దాటిపోతుంది. ఇంట్లో అదే వస్తువును అదే చోట ఉంచి, ఒక్కో అంశాన్నే మారుస్తూ ఎన్నిసార్లయినా తీసి చూడొచ్చు. చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ జర్మన్ ఆక్రమణ కాలంలో ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టి 1940 నుంచి 1954 దాకా కొనసాగించాడు. అద్దంపై చెమ్మ, మంచు, అవతల ఒక వంకర చెట్టు: ఆయనకు అవి చాలాయి.

సామాను విషయం త్వరగా తేల్చేద్దాం. మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మనమే మార్చుకునే వీలు) ఉన్న ఏ కెమెరా అయినా సరిపోతుంది. ఫోన్‌లో అలాంటిదే ప్రో మోడ్ ఉంటే అది వాడండి. లేకపోతే తెరపై వస్తువు మీద వేలు కాసేపు అదిమి ఉంచండి, చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి చేరే వెలుగు మోతాదు) రెండూ లాక్ అవుతాయి. ట్రైపాడ్ లేదా? గుడ్డసంచిలో ముప్పావు వంతు ఇసుక నింపి మూతి కట్టి, దాని మీద కెమెరా కూర్చోబెట్టండి. నిండా నింపితే సంచి బిగుసుకుపోయి కెమెరా జారుతుంది. రెండు సెకన్ల టైమర్ పెడితే బటన్ నొక్కిన కుదుపు ఫొటోలోకి రాదు. ఇవి కాక తెల్ల అట్టముక్క, నల్లగుడ్డ, అల్యూమినియం ఫాయిల్, టేపు దగ్గర పెట్టుకోండి.

కిటికీ పక్కన ఒక గుడ్డు

ముందుగా గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో పగటి వెలుగు 5500–6500 దగ్గర ఉంటే, పసుపురంగు బల్బు 2700–3000 దగ్గర ఉంటుంది. తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు దిద్దే కెమెరా సెట్టింగు, వైట్ బ్యాలెన్స్, ఏదో ఒక వెలుగునే సరిచేస్తుంది. రెండూ కలిసి పడితే వస్తువుకు ఒకవైపు నీలం, మరోవైపు పసుపు అంటుకుంటుంది, తర్వాత ఎంత దిద్దినా పూర్తిగా పోదు. ఇంట్లో తీసిన ఫొటోలు ఎందుకో మురికిగా కనిపిస్తున్నాయని అడిగేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే, కెమెరా నాణ్యత కాదు.

ఇప్పుడు తెల్ల కాగితం మీద తెల్ల గుడ్డు పెట్టండి. విసుగ్గా అనిపించే పాఠమే, కానీ దాటేయకండి. రంగు లేదు, కన్ను లాగే వివరమూ లేదు కాబట్టి వెలుగు తప్ప చూడటానికి ఇంకేమీ మిగలదు.

1. బల్లను కిటికీకి అర మీటరు దూరంలో వేయండి. ఎండ నేరుగా పడుతుంటే పలచని తెల్లటి తెర అడ్డు కట్టండి.
2. వెలుగు గుడ్డుకు సరిగ్గా పక్కనుంచి వచ్చేలా కెమెరాను నిలపండి.
3. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 100, అపెర్చర్ (లెన్సు రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 పెట్టి, షట్టర్ స్పీడును (వెలుగు లోపలికి వచ్చే సమయం) కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చెప్పినట్టు ఉంచండి. ఫోన్‌లో అపెర్చర్ మారదు, మిగతా రెండూ చాలు.
4. వచ్చిన ఫొటోలో కాగితం బూడిదరంగులో ఉంటుంది. మీటరు ఎదుట ఏమున్నా దాన్ని మధ్యస్థ బూడిదగానే లెక్కవేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) నుంచి 1.3 స్టాప్‌ల వరకు పెంచండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగుల పంపకం చూపే గ్రాఫ్) కుడి అంచుకు దగ్గరగా రావాలి, ఆ అంచుకు గుద్దుకోకూడదు.
5. నీడవైపు తెల్ల అట్టను 15 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి ఒకటి, 30 సెంటీమీటర్ల దూరంలో ఒకటి తీయండి. ఆపై అట్ట తీసేసి నల్లగుడ్డ పెట్టి మరొకటి తీయండి.
6. ఇవే మూడూ కెమెరాను జరిపి, వెలుగు ఏటవాలుగా వచ్చేలా, తర్వాత వెనకనుంచి వచ్చేలా తీయండి.

తొమ్మిది ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే నీడ అంచు ఎక్కడ మెత్తబడిందో, గుండ్రదనం ఎప్పుడు పోయి బిళ్లలా చదునైందో తెలుస్తుంది. తెల్ల అట్ట మరీ దగ్గరైతే రెండువైపులా వెలుగు సమానమై గుడ్డు చప్పబడుతుంది. నల్లగుడ్డ చేసే పనిని చాలామంది పట్టించుకోరు: గోడల నుంచి తిరిగొచ్చే వెలుగును అది మింగేసి నీడను చిక్కబరుస్తుంది. తెల్లగోడల గదిలో నాటకీయమైన వెలుగు రావడం లేదంటే వెతకాల్సింది ఈ నల్లగుడ్డ కోసమే.

తర్వాత బల్లను కిటికీ నుంచి దూరం జరపండి. చిన్న కిటికీ అయితే దూరం రెట్టింపయ్యేసరికి వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్ద కిటికీ దగ్గర అంతగా తగ్గదు. వెనకగోడను నల్లగా కనిపించేలా చేసే కిటుకు ఇందులోనే ఉంది: వస్తువును కిటికీకి అతి దగ్గరగా, గోడకు దూరంగా ఉంచి, వస్తువుకే ఎక్స్‌పోజర్ కుదర్చండి. గోడ దానంతటదే చీకట్లో కలిసిపోతుంది.

గుడ్డు తర్వాత క్యాప్సికం మంచి మెట్టు. 1930లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ ఒక క్యాప్సికంను రేకు గరాటులో పెట్టి తీశాడు. గరాటు లోపలి వంపు వెలుగును నలువైపుల నుంచి కాయ మీదికి తిప్పింది. వంటింట్లో ఉన్న స్టీలు గిన్నెను అడ్డంగా పెట్టినా ఆ పని చేస్తుంది, కాకపోతే మరీ మెరిస్తే చుక్కలు పడతాయి, లోపల పలచని కాగితం పరవండి.

రాత్రి ఎల్‌ఈడీ దీపం కింద తీసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫొటోలో అడ్డగీతలు వస్తే దీపం మినుకు దానికి కారణం. 50 హెర్ట్జ్ కరెంటులో దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది కాబట్టి షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెట్టండి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

గదినే కెమెరాగా మార్చడం

ఇంట్లో చేయగలిగిన వాటన్నిట్లో మా ఓటు దీనికే. చీకటిగదికి చిన్న రంధ్రం పెడితే బయటి దృశ్యం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై ఎదురుగోడ మీద పడుతుంది. ఈ సంగతి ఎప్పటినుంచో తెలిసిందే అయినా, హోటల్ గదుల్లోనూ ఇళ్లలోనూ ఆ బొమ్మల్ని ఫొటోలు తీసే పనిని ఫొటోగ్రాఫర్ అబెలార్డో మోరెల్ 1991లో మొదలుపెట్టాడు.

ముందు వేళ చూసుకోండి. ఎండ గదిలోకి కాదు, ఎదుటి దృశ్యం మీద పడాలి. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం తర్వాత, పడమటి కిటికీ అయితే ఉదయం. మబ్బు రోజున ప్రయత్నం దండగ.

కిటికీని నల్ల ప్లాస్టిక్ షీటుతో రెండు పొరలు కప్పి అంచుల వెంట టేపు అతికించండి. తలుపు కింది సందులో గుడ్డ దూర్చండి. షీటు మధ్యలో అరచేయంత చదరం కోసి, దాని మీద అల్యూమినియం ఫాయిల్ అతికించి, అందులో 1 సెంటీమీటరు వెడల్పు గుండ్రటి రంధ్రం చేయండి. ఫాయిల్ ఎందుకంటే చిరిగితే ఆ ముక్క మార్చుకుంటే సరిపోతుంది, షీటంతా విప్పక్కర్లేదు. తర్వాత పది నిమిషాలు ఓపికగా కూర్చోండి. లోపలికి వెళ్లగానే ఏమీ కనబడలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. కళ్లు చీకటికి అలవాటుపడాలి.

రంధ్రం పెద్దదైతే బొమ్మ కాంతిగా, మసకగా వస్తుంది. చిన్నదైతే పదునుగా, చీకటిగా. రంధ్రం నుంచి గోడ 3 మీటర్ల దూరంలో ఉండి, బయట మంచి ఎండ ఉంటే, 1 సెంటీమీటరు రంధ్రానికి కెమెరాలో ఐఎస్ఓ 800, ఎఫ్/4 దగ్గర సుమారు 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పడుతుంది. ఎఫ్/1.8 లెన్సున్న ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి అదే ఐఎస్ఓకి 6 సెకన్లతో మొదలుపెట్టండి. ఆటోఫోకస్ ఈ చీకట్లో తచ్చాడుతుంది. టార్చ్ వేసి గోడ మీద ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌లోకి మార్చి, టార్చ్ ఆర్పండి.

బొమ్మ పదును చాలలేదంటే రంధ్రం దగ్గర చదువుకునే కళ్లద్దం పెట్టండి. +1 పవర్ అద్దం ఒక మీటరు దూరంలో బొమ్మను కుదురుస్తుంది, అక్కడ తెల్ల అట్ట పట్టుకోవాలి, +0.5 అయితే రెండు మీటర్లు. అద్దం ఉన్నప్పుడు రంధ్రాన్ని 4 సెంటీమీటర్ల దాకా పెంచుకోవచ్చు. అప్పుడు రోడ్డు మీద కదిలే వాహనాలు కూడా కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఇది మొదలుపెడితే ఆ రోజు వేరే పని జరగదు.

చిన్నవాటికి దగ్గరగా

చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్సు కొనలేకపోతే, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సును తిరగేసి రివర్స్ రింగుతో (లెన్సు ముందువైపును కెమెరాకు బిగించే వలయం) బిగించొచ్చు. 18–55 మి.మీ. లెన్సును తిప్పినప్పుడు ఎక్కువ పెద్దగా చూపేది 55 కాదు, 18. వస్తువు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోకి రావాలి, దాంతో కెమెరా నీడే దానిపై పడుతుంది. కాబట్టి వెలుగు పక్కనుంచి రానివ్వండి. లెన్సుకు కెమెరాతో సంబంధం తెగుతుంది గనక ఆధునిక లెన్సుల్లో అపెర్చర్ మార్చడం కుదరదు. అపెర్చర్ రింగున్న పాత లెన్సు దొరికితే ఆ చిక్కు లేదు.

వస్తువు, దాని బొమ్మ సమాన సైజులో ఉన్నప్పుడు ఎఫ్/8 దగ్గర కూడా పదునుగా ఉండే లోతు ఒక మిల్లీమీటరుకు మించదు. ఫోకస్ రింగు తిప్పకండి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపండి. లోతు కోసం ఎఫ్/16 దాటి మూసేస్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం గుండా వెళ్లే వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది. లెన్సు తిరగేసినప్పుడు వెనకవైపు గాజు బయటికి ఉంటుంది, దుమ్ము, వేలిముద్రల విషయంలో జాగ్రత్త.

దూరం పాటిస్తూ మనుషుల్ని తీయాలంటే

రెండు మీటర్ల దూరం నుంచి ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ముకు సమానమైన సెన్సర్ ఉన్న) కెమెరాలో 85 మి.మీ. లెన్సు తలనుంచి నడుము వరకు పట్టుకుంటుంది. ఫోన్ ప్రధాన కెమెరా నిలువెత్తు మనిషిని పట్టేస్తుంది. ముఖం పెద్దగా కావాలని ఫోన్‌తో దగ్గరికి వెళ్లకండి. దూరం పాటించడం పోవడమే కాదు, ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. రెండింతలు దగ్గరగా చూపే 2ఎక్స్ లెన్సు వాడండి. తెల్ల మాస్కు పెట్టుకున్నవాళ్లను తీసేటప్పుడు కెమెరా మాస్కును చూసి ఫొటోను చీకటి చేస్తుంది, మీటరింగ్ (కెమెరా వెలుగు కొలిచే చోటు) నుదుటి మీద పెట్టండి.

కిటికీ అద్దం అవతల ఉన్నవాళ్లను బయటినుంచి తీస్తే ముందు మీ ప్రతిబింబమే పడుతుంది. ముదురురంగు బట్టలు వేసుకుని, వెనక ఎవరైనా నల్లగుడ్డ పట్టుకుంటే అది పోతుంది. ప్రతిబింబాల్ని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ అద్దానికి 35 డిగ్రీల కోణంలో బాగా పనిచేస్తుంది, ఎదురుగా నిలబడితే దాని వల్ల లాభం లేదు. లోపలివాళ్లను అద్దానికి దగ్గరగా రమ్మనండి, అప్పుడు బయటి వెలుగు ముఖం మీద పడుతుంది. ఇక జూమ్ లెన్సు ఉంది కదా అని పొరుగింటి కిటికీల వైపు తిప్పడం మాత్రం వద్దు.

శానిటైజర్, బూజు

శానిటైజర్ రాసుకున్న చేతులు పూర్తిగా ఆరేదాకా లెన్సు ముట్టుకోకండి, జెల్ అతుక్కుని మరక కడుతుంది. కెమెరా మీద నేరుగా ఏదీ స్ప్రే చేయకూడదు. వేరేవాళ్లు వాడిన కెమెరా శుభ్రం చేయాలంటే బ్యాటరీ తీసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో బటన్లు, పట్టుకునే చోట్లు తుడవండి. తెరను, లెన్సును వాటి కోసం తయారైన గుడ్డతోనే తుడవాలి. బ్లీచింగ్ ద్రావణాల జోలికి పోవద్దు.

నెలల తరబడి సంచిలో పడి ఉన్న లెన్సుకు బూజు పట్టే ప్రమాదం వైరస్ కంటే ఎక్కువ. తోలు సంచిలోంచి తీసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. లోపలి తేమ 40–50 శాతం మధ్య ఉంటే మంచిది. మరీ పొడిబారినా కందెనలకు హాని. నీలిరంగు సిలికా జెల్ గులాబీరంగుకు మారితే తేమతో నిండినట్టు, వేడిచేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. వాడకుండా ఉంచే కెమెరాలోంచి బ్యాటరీ తీసి, సగం చార్జితో విడిగా దాచండి.