వేర్వేరు జాతుల తూనీగలు జతకట్టాయా? చెరువు దగ్గర ఎలా తేల్చుకోవాలి

అక్టోబరు, నవంబరు వానలకు తిరుపతి చుట్టుపక్కల చెరువులు నిండాక కట్ట వెంబడి నడిస్తే తూనీగల జంటలు కనబడుతూనే ఉంటాయి. ఎర్రది, పసుపుది కలిసి ఎగురుతుంటే రెండూ వేరే జాతులేమో అనిపిస్తుంది. చాలాసార్లు కావు. జాతి దాటిన జంట ఉంటుంది, అరుదుగా. అది మీ కంటపడితే ఎవరూ కాదనలేనంత జాగ్రత్తగా నమోదు చేయండి.

ముందు చోటు, సమయం. రాయలచెరువు లాంటి పెద్ద చెరువైనా, మరవ పోయే చోట జమ్ము పెరిగిన చిన్న కుంటైనా సరే. ఎండ బాగా కాసే రోజు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం దాకా చూడండి. మీ నీడ వాటి మీద పడకూడదు. శేషాచలం అడవి లోపలికైతే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

తర్వాత, అది అసలు జతేనా? ఆర్థెట్రమ్ సబీనా అనే సన్నని తూనీగ తోటి తూనీగలను పట్టి తింటుంది. కాళ్లతో బిగించి నములుతుంటే అది వేట. జతలో మగది తోక చివరి కొక్కేలతో ఆడదాని తలను పట్టుకుంటుంది. వాలినప్పుడు రెక్కలు ముడుచుకునే సూది తూనీగల్లోనైతే ఆ పట్టు తల వెనక, మెడ దగ్గర ఉంటుంది.

ఇక రంగు. అందరూ పొరబడేది ఇక్కడే. క్రోకోథెమిస్ సర్విలియా మగది నెత్తురు ఎరుపు, ఆడది పసుపు గోధుమ. లేత మగది కూడా ఆడదానిలాగే ఉంటుంది. మన వరి మళ్ల దగ్గర తిరిగే న్యూరోథెమిస్ తులియాలో ఆడ, మగ రెక్కల మీది నలుపే వేరుగా ఉంటుంది. కాబట్టి రంగు చూసి జాతి చెప్పొద్దు. రొమ్ము మీది చారలు, రెక్క మొదట్లో మచ్చ, రెక్క ఈనెల రంగు చూడండి. సర్విలియా మగదాని తోక మీద సన్నని నల్ల గీత ఉంటుంది; ట్రైథెమిస్ అరోరా మగది గులాబీ ఛాయలో, ఎర్రటి ఈనెలతో ఉంటుంది.

రెండు జాతులూ వేరని తేలాకే అసలు ప్రశ్న: ఎంతవరకు వెళ్లాయి? మగదానికి వీర్యం తోక తొమ్మిదో కణుపు దగ్గర బయటికి వస్తుంది. దాన్ని అది ముందుగానే రెండో కణుపు కింద ఉన్న అవయవంలోకి చేరవేసుకుంటుంది. ఆడది తన తోకను వంచి అక్కడికి ఆనిస్తేనే చక్రం ఏర్పడి సంగమం జరుగుతుంది. పట్టు మగదాని చేతిలో ఉన్నా చక్రం ఆడదాని ఇష్టం. కొక్కేల ఆకారం జాతిజాతికీ మారుతుంది. పట్టు సరిగా కుదరకపోతే ఆడది తోక వంచదు. అందుకే ఇలాంటి జంటలు ఎక్కువగా పట్టు దగ్గరే విడిపోతాయి. చక్రం కనబడినా సంకర సంతానం పుట్టిందని రాయకండి, దానికి జన్యు పరీక్ష కావాలి. స్పెయిన్‌లో ఇష్నూరా ఎలెగాన్స్, ఇష్నూరా గ్రెల్సీ అనే సూది తూనీగల మధ్య సంకరం నిరూపణ అయింది, కాబట్టి అసాధ్యమనీ అనలేం.

జంటను చేత్తో పట్టకండి, విడిపోతుంది. వీలైతే వీడియో తీయండి. పట్టు ఎంతసేపు ఉందో అందులోనే తెలుస్తుంది. పక్కనుంచి జంట మొత్తం ఒక ఫొటో, కొక్కేలు పట్టిన చోటు దగ్గరగా ఒకటి, రెండింటి రెక్కలూ స్పష్టంగా ఇంకొకటి. జీవుల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు ఆడ, మగ జాతులు విడివిడిగా రాసి, తేదీ, సమయం, చెరువు పేరుతో పాటు చూసింది పట్టా, చక్రమా, గుడ్లు పెట్టడమా అన్నది కూడా చేర్చండి.