మాస్ స్పెక్, గ్లైకోప్రోటీన్ల రీసెర్చ్‌లోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి, ఏ వరసలో

బయోకెమిస్ట్రీ చదివి ఈ వైపు, అంటే మాస్ స్పెక్ (అణువుల బరువు కొలిచే మెషీన్)తో గ్లైకోప్రోటీన్లని (షుగర్ గొలుసులు తగిలి ఉన్న ప్రోటీన్లని) చూసే పనికి రావాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఏ మెషీన్ నేర్చుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. అవి మారుతూనే ఉంటాయండి, ఈ ల్యాబ్‌లో ఒకటి ఆ ల్యాబ్‌లో ఇంకోటి, చేరాక నేర్పిస్తారు కూడా. మీ చేతిలో ఉండాల్సింది రెండు పనులు, శాంపిల్‌ని చెడగొట్టకుండా మెషీన్ దాకా తీసుకెళ్ళడం, వచ్చిన స్పెక్ట్రమ్‌ని (బరువులు పీకులుగా కనిపించే గ్రాఫ్‌ని) సాఫ్ట్‌వేర్ సాయం లేకుండా చదవడం. రెండోది వచ్చినవాళ్ళు నిజంగానే తక్కువ, అందుకే దాని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నా.

అసలు గ్లైకోప్రోటీన్లతో తలనొప్పి ఎందుకొస్తుందంటే ప్రోటీన్ సీక్వెన్స్ జీన్‌లో రాసి ఉంటుంది, దాని మీద షుగర్ గొలుసు ఎలా ఉండాలో ఎక్కడా రాసి ఉండదు, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో గాల్జీలో ఎంజైములు ఒకటి తగిలిస్తుంటే ఇంకోటి కత్తిరిస్తూ పోతాయి, చివరికి ఒకే ప్రోటీన్‌లో ఒకే సైట్ దగ్గర రకరకాల గ్లైకాన్లు (అంటే ఆ షుగర్ గొలుసులే) తేల్తాయి. మాస్ స్పెక్ చెప్పేది బరువు మాత్రమే, నిజానికి అది కూడా ఎం/జెడ్ (బరువుని చార్జ్‌తో భాగించిన సంఖ్య) రూపంలోనే. మానోజ్, గెలాక్టోజ్, గ్లూకోజ్ మూడూ గొలుసులో 162.053 డాల్టన్లే, మెషీన్‌కి తేడా తెలీదు. ఆ తేడా చెప్పాల్సింది మీరు, మీకు తెలిసిన బయాలజీతో, ఎంజైములతో. అందుకే మంచి మెషీన్ ఆపరేటర్‌కీ మంచి గ్లైకోబయాలజిస్ట్‌కీ మధ్య చాలా దూరం ఉంటుంది.

చదువు సంగతికొస్తే కార్బోహైడ్రేట్ కెమిస్ట్రీని డిగ్రీలో అందరూ దాటేస్తారు, దాన్ని మళ్ళీ తీసి చదవండి, లింకేజీలు, ఆల్ఫా బీటా తేడా, సయాలిక్ ఆసిడ్ ఎందుకంత తేలిగ్గా ఊడిపోతుందో అన్నీ. నాలుగు నంబర్లు నోటికి రావాలి: హెక్సోజ్ 162.053, హెక్స్‌నాక్ (ఎన్-అసిటైల్ ఉన్న షుగర్, గ్లూక్‌నాక్, గాల్‌నాక్ రెండూ ఇందులోవే) 203.079, ఫ్యూకోజ్ 146.058, న్యూఏసీ అనే సయాలిక్ ఆసిడ్ 291.095. గ్లైకాన్ బొమ్మల్లో నీలం చదరం గ్లూక్‌నాక్, ఆకుపచ్చ గుండ్రం మానోజ్, పసుపు గుండ్రం గెలాక్టోజ్, ఎర్ర త్రికోణం ఫ్యూకోజ్, ఇవి చూడగానే చదివెయ్యాలి. మెషీన్‌లో గ్లైకాన్ పగిలితే వచ్చే ముక్కలకి పేర్లు పెట్టే పద్ధతి 1988లో డోమాన్, కాస్టెల్లో ఇచ్చింది, బీ, వై, సీ, జెడ్ అని, పెప్టైడ్ బీ వై వేరు షుగర్ బీ వై వేరు, కొత్తల్లో అందరూ ఇక్కడే తికమకపడతారు. అయనైజేషన్ (శాంపిల్‌కి చార్జ్ ఇచ్చే) పద్ధతుల్లో ఎలక్ట్రోస్ప్రే (ద్రావణాన్ని తుంపరగా చల్లేది), మాల్డీ (లేజర్‌తో లేపేది) రెండిటి గురించీ తెలిసి ఉండాలి (2002 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఇలాంటి పద్ధతులు కనిపెట్టినందుకు ఫెన్, టనాకాలకి వచ్చింది). మాల్డీలో ఎక్కువగా ఒక చార్జే ఉంటుంది కాబట్టి చదవడం తేలిక, కానీ సయాలిక్ ఆసిడ్‌ని కాపాడాలంటే ముందే పర్‌మిథైలేషన్ (షుగర్లకి మిథైల్ గుంపులు తగిలించడం) లాంటిదేదో చెయ్యాలి.

ఇక ప్రాక్టీస్. డైరెక్ట్‌గా సీరమ్ లాంటి గందరగోళం శాంపిల్‌తో మొదలుపెట్టకండి. రైబోన్యూక్లియేజ్ బీ తీసుకోండి, దానికి గ్లైకోసైలేషన్ సైట్ ఒక్కటే, ఆస్పరాజిన్ 34, దాని మీద ఉండేవి మానోజ్ 5 నుంచి మానోజ్ 9 దాకా, అంటే ఐదు నుంచి తొమ్మిది మానోజ్‌లున్న గ్లైకాన్లు. ప్రోటీన్ మొత్తాన్ని కొయ్యకుండా అలాగే రన్ చేసి డీకన్వల్యూట్ చేస్తే (రకరకాల చార్జుల పీకుల్ని అసలు బరువుగా మారిస్తే) 14,900 డాల్టన్ల దగ్గర మొదటి పెద్ద పీక్, దాని తర్వాత 162 చొప్పున దూరంలో మిగతావి వరసగా కనిపిస్తాయి. షుగర్ లేని అదే ప్రోటీన్, అంటే రైబోన్యూక్లియేజ్ ఏ, 13,682 దగ్గర ఉంటుంది, రెండిటి తేడా సుమారు 1,217, అందులోంచి రెండు హెక్స్‌నాక్ తీసేస్తే ఐదు హెక్సోజ్‌లు మిగుల్తాయి, కాగితం మీద లెక్క వేసి చూస్కోండి. ఇది చేతికొచ్చాక ఫెట్యుయిన్‌కి వెళ్ళండి, అందులో సయాలిక్ ఆసిడ్ ఉంటుంది, ఓ-గ్లైకాన్లు (ఆస్పరాజిన్‌కి కాక సెరిన్, థ్రియోనిన్‌లకి తగిలేవి) కూడా ఉంటాయి, కథ మారిపోతుంది.

శాంపిల్ ప్రెప్‌లో రిడక్షన్, ఆల్కైలేషన్, ట్రిప్సిన్ మామూలే. గ్లైకోపెప్టైడ్లు (షుగర్ తగిలి ఉన్న పెప్టైడ్ ముక్కలు) మామూలు పెప్టైడ్ల పక్కన సరిగ్గా అయనైజ్ అవ్వవు కాబట్టి హిలిక్ (నీటిని ఇష్టపడేవాటిని పట్టుకునే కాలమ్)తోనో లెక్టిన్ (షుగర్లని పట్టుకునే ప్రోటీన్)తోనో ఎన్‌రిచ్ చెయ్యాలి. 44 డాల్టన్ల దూరంలో దువ్వెన పళ్ళలా పీకులు వస్తే అది పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్), డిటర్జెంట్ ఎక్కడో కలిసింది. కెరటిన్ వస్తే అది మీ చర్మం, మీ జుట్టే. పీఎన్‌గేజ్ ఎఫ్ అనే ఎంజైమ్ వాడితే గ్లైకాన్ ఊడిపోయి ఆస్పరాజిన్ కాస్తా ఆస్పార్టిక్ ఆసిడ్ అవుతుంది, 0.984 పెరుగుతుంది, అదిగో సైట్ దొరికిందని రాసేస్తారు, కానీ ఆస్పరాజిన్ దానంతటదే డీఅమైడేట్ అయినా అచ్చం అంతే పెరుగుతుంది! అందుకే ఆక్సిజన్-18 నీళ్ళలో చేస్తే 2.988 పెరగాలి, ఎంజైమ్ వెయ్యని కంట్రోల్ కూడా పక్కన ఉండాలి. మొక్కల ప్రోటీన్లలో కోర్ (ప్రోటీన్‌కి దగ్గరగా ఉండే షుగర్ల భాగం) మీద ఆల్ఫా 1,3 ఫ్యూకోజ్ ఉంటే పీఎన్‌గేజ్ ఎఫ్ కొయ్యలేదు, పీఎన్‌గేజ్ ఏ వాడాలి.

ఇప్పుడు స్పెక్ట్రమ్ చదవడం. హెచ్‌సీడీ (గ్యాస్‌తో ఢీకొట్టించే పద్ధతి)లో పగలగొట్టిన గ్లైకోపెప్టైడ్ స్పెక్ట్రమ్ ముందు పెట్టుకోండి. ఎడం చివర 204.087 ఉందా? ఉంటే హెక్స్‌నాక్ ఉంది. 366.140 ఉంటే దానికి హెక్సోజ్ తగిలి ఉంది. 274.092, 292.103 ఉంటే సయాలిక్ ఆసిడ్. 138, 144 పీకుల్లో 138 బాగా పెద్దగా ఉంటే గ్లూక్‌నాక్ వైపు, 144 కూడా దానితో పోటీగా ఉంటే గాల్‌నాక్ వైపు అనుకోవచ్చు. తర్వాత కుడివైపుకి వెళ్ళి 203.08 తేడాతో ఉన్న జంట వెతకండి, రెండు చార్జులుంటే తేడా 101.54 అవుతుంది, ఆ జంటలో చిన్నది ఖాళీ పెప్టైడ్, పెద్దది పెప్టైడ్ మీద ఒక హెక్స్‌నాక్. అక్కణ్ణుంచి ఇంకో 203, తర్వాత 162లు లెక్కపెట్టుకుంటూ ఎక్కండి. మధ్యలో 146 తేడా వస్తే కోర్ ఫ్యూకోజ్ అని సంబరపడొద్దు, గ్యాస్ ఫేజ్‌లో ఫ్యూకోజ్ ఒక చోటునించి ఇంకో చోటుకి దూకే అలవాటుంది. ఒకే పెప్టైడ్‌లో రెండు మూడు సెరిన్లు ఉండి ఓ-గ్లైకాన్ ఏ సెరిన్ మీదుందో తేల్చాలంటే హెచ్‌సీడీ సరిపోదు, ఈటీడీనో ఈటీహెచ్‌సీడీనో (ఎలక్ట్రాన్ ఇచ్చి, షుగర్ ఊడకుండా పెప్టైడ్‌ని పగలగొట్టే పద్ధతులు) కావాలి.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ మోసం చేస్తుందో ఒక్క ఉదాహరణ చెప్తా. రెండు ఫ్యూకోజ్‌లు 292.116, ఒక న్యూఏసీ 291.095, తేడా 1.020. కార్బన్-13 ఐసోటోప్ తేడా 1.003. మోనోఐసోటోపిక్ పీక్‌కి (కార్బన్-13 లేని మొదటి పీక్‌కి) బదులు పక్క పీక్‌ని మెషీన్ పట్టుకుందంటే సయాలిక్ ఆసిడ్ ఉన్న గ్లైకాన్ కాస్తా రెండు ఫ్యూకోజ్‌ల గ్లైకాన్ అయిపోతుంది, 3,000 డాల్టన్ల గ్లైకోపెప్టైడ్‌లో అప్పుడు మిగిలే తప్పు 6 పీపీఎం (పది లక్షల్లో ఆరు వంతులు) లోపే, 10 పీపీఎం టాలరెన్స్ పెట్టుకుంటే హాయిగా పాసైపోతుంది, స్కోరు కూడా బాగానే వస్తుంది. 274 పీక్ ఉందా లేదా అని చూసే మనిషికి ఇది అర నిమిషంలో దొరికిపోతుంది. సాఫ్ట్‌వేర్లలో బయోనిక్, పీగ్లైకో, ఎంఎస్‌ఫ్రాగర్ ఏది వాడినా ఇది చూడాల్సిందే. ప్రైడ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో జనం పెట్టిన రా డేటా ఫ్రీగా దొరుకుతుంది, మెషీన్ దగ్గర లేనివాళ్ళు అది డౌన్‌లోడ్ చేసుకుని చేత్తో చదవడం ప్రాక్టీస్ చెయ్యండి.

ఉద్యోగాలు ఎక్కడంటే, బయోఫార్మాలో ఎక్కువ. యాంటీబాడీ మందుల్లో ఆస్పరాజిన్ 297 మీద ఉన్న గ్లైకాన్‌కి కోర్ ఫ్యూకోజ్ లేకపోతే ఏడీసీసీ (యాంటీబాడీ అంటుకున్న కణాన్ని రోగనిరోధక కణాలు చంపడం) బాగా పెరుగుతుంది, అంటే మందు పనితీరే మారిపోతుంది, బయోమందుల నాణ్యత గురించిన ఐసీహెచ్ క్యూ6బీ గైడ్‌లైన్ కూడా గ్లైకోప్రోటీన్ అయితే షుగర్ల వివరం చూడమంటుంది, కాబట్టి బయోసిమిలర్ (ఉన్న బయోమందుకి దగ్గరి నకలు) చేసే కంపెనీకి ఈ పని తప్పదు. క్లినికల్ వైపు ట్రాన్స్‌ఫెరిన్ (రక్తంలో ఇనుము మోసే ప్రోటీన్) చూసి పుట్టుకతో వచ్చే గ్లైకోసైలేషన్ జబ్బుల్ని పట్టుకుంటారు, ఒక గ్లైకాన్ మొత్తం లేకపోతే బరువు సుమారు 2,200 డాల్టన్లు పడిపోతుంది. కోర్ ఫెసిలిటీలో చేరితే రకరకాల శాంపిల్స్ చేతికొస్తాయి కానీ పేపర్లలో మీ పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీల్లో అప్లికేషన్స్ పనికి తిరుగుడు ఎక్కువ. సొంతంగా రీసెర్చ్ ప్రశ్నలు నడపాలంటే పీహెచ్‌డీ కావాలి, మెథడ్స్ నడిపే పనికి మాస్టర్స్, దానితోపాటు చేతి అనుభవం చాలాచోట్ల నడుస్తుంది.

ఇంటర్వ్యూకి వెళ్ళేటప్పుడు మీరే అనోటేట్ చేసిన గ్లైకోపెప్టైడ్ స్పెక్ట్రమ్ ఒకటి ప్రింట్ తీసుకెళ్ళండి, ప్రతి పీక్ ఎందుకలా అనుకున్నారో చెప్పగలిగేలా, తేలనివాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టి. ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఆ ల్యాబ్‌లో ఏ మోడల్ మెషీన్ ఉందని కాదు, కొత్తగా చేరినవాళ్ళకి వారంలో ఎన్ని గంటలు మెషీన్ దొరుకుతుంది, సోర్స్ క్లీన్ చెయ్యడం, కాలమ్ మార్చడం వాళ్ళ చేతే చేయిస్తారా అని అక్కడి స్టూడెంట్లని విడిగా అడగండి, బాస్‌ని కాదు.