వాదనా వ్యాస రచన – 5వ పాఠం: ఓడిన అభ్యర్థి తిరిగి రావాలా?

నాలుగో పాఠం చివర అభ్యాసానికి ఇచ్చిన ప్రశ్న ఇది: ‘దేశాధ్యక్ష ఎన్నికలో ఓడిపోయిన అభ్యర్థి తిరిగి వచ్చి తన పార్టీకి నాయకత్వం వహించాలా?’ ఆదివారం ఉదయాల్లో గుంటూరు అరండల్‌పేటలో మేము కూర్చునే గదికి దీని మీద పదిహేడు వ్యాసాలు అందాయి. గ్రూప్‌–1 మెయిన్స్‌కు చదువుతున్నవారు రాసినవే వాటిలో ఎక్కువ. అన్నీ శ్రద్ధగా రాసినవే, కానీ వాటిలో పద్నాలుగు ఒకే దారిన నడిచాయి. అమెరికాలో 1960లో ఓడిన రిచర్డ్ నిక్సన్ 1968లో గెలిచాడు కాబట్టి రావాలని కొందరు రాశారు. విలియం జెన్నింగ్స్ బ్రయన్ 1896, 1900, 1908 సంవత్సరాల్లో మూడుసార్లూ ఓడాడు కాబట్టి రాకూడదని మరికొందరు రాశారు. ఈ రెండు రకాల వ్యాసాలకూ నేను తక్కువ మార్కులే వేశాను. అలా ఎందుకు వేశానో చెప్పి, ఇలాంటి ప్రశ్నకు వాదన ఎలా కట్టాలో చూపించడమే ఈ పాఠం పని.

ముందుగా క్రియాపదం దగ్గర ఆగుదాం. ‘ఆయన మళ్లీ రావచ్చు’ అని చాలామంది రాశారు. తెలుగులో ఈ ‘వచ్చు’ ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. ‘సాయంత్రం వాన రావచ్చు’ అన్నప్పుడు అది ఊహ; ‘మీరిక లోపలికి రావచ్చు’ అన్నప్పుడు అది అనుమతి. నాయకుడి గురించి రాసేటప్పుడు ఈ రెండూ కలిసిపోతే, ఆయన వస్తాడని జోస్యం చెబుతున్నారో, వచ్చే హక్కు ఆయనకు ఉందని వాదిస్తున్నారో పాఠకుడికి తెలియదు. అందువల్ల ఊహ చెప్పదలిస్తే ‘వచ్చే అవకాశం ఉంది’ అనీ, హక్కు చెప్పదలిస్తే ‘రావడానికి ఆయనకు హక్కు ఉంది’ అనీ విడమరిచి రాయండి. మన ప్రశ్నలో ఉన్నది ‘రావాలా’ అన్న మూడో మాట. హక్కు ఉన్నంత మాత్రాన రావడం మంచిదని తేలదు కాబట్టి, ఆ మంచి ఎవరికి అన్న ప్రశ్న వెంటనే తోడవుతుంది. ఆయనకు మంచిదా, పార్టీకి మంచిదా, ఓటరుకు మంచిదా? ఈ ముగ్గురి ప్రయోజనాలూ ఒకటేనని అనుకుని రాసిన వ్యాసం మొదటి పేరాలోనే దారి తప్పుతుంది.

రెండో చిక్కు మన అనుభవం నుంచే వస్తుంది. 1989లో ఓడి 1994లో తిరిగి అధికారంలోకి వచ్చిన ఎన్టీఆర్‌నూ, 2019లో 23 స్థానాలకు పరిమితమై 2024లో 135 స్థానాలు గెలిచిన తెలుగుదేశాన్నీ చాలామంది ఉదాహరించారు. అవి నిజాలే, కానీ ఈ ప్రశ్నకు సరిపోవు. మన పార్లమెంటరీ పద్ధతిలో ఓడిన నాయకుడు సాధారణంగా సభలోనే ఉంటాడు, పార్టీ ఆయన చేతిలోనే ఉంటుంది, ప్రతిపక్షాన్ని నడపడం ఆయన పనే అవుతుంది. వెళ్లనివాడు తిరిగి రావడమన్న మాటే పుట్టదు. అధ్యక్ష పాలన ఉన్న దేశాల్లో గెలిచినవాడికి పదవి దక్కుతుంది, రెండో స్థానంలో నిలిచినవాడికి చట్టసభలో కుర్చీ కూడా ఉండకపోవచ్చు. దక్షిణ కొరియాలో 2017 ఎన్నికకు నామినేషన్ వేసినప్పుడు ఆన్ చోల్‌–సూ తన జాతీయసభ సభ్యత్వానికి రాజీనామా చేశాడు. మే 9న ఓడిపోయాక ఆయనకు సభా లేదు, పదవీ లేదు. పార్టీ నాయకత్వం ఒక్కటే ఆయన తిరిగి ప్రజల కంటికి కనిపించగల చోటు. ఓడిన అభ్యర్థి అంత త్వరగా పార్టీ వైపు ఎందుకు చూస్తాడో ఈ నిర్మాణం తెలిస్తేనే అర్థమవుతుంది. దీన్ని వివరించకుండా ‘అధికార దాహం’ అని రాసిన వ్యాసాలు మనిషిని తిట్టాయి గానీ ప్రశ్నను ముట్టుకోలేదు.

మన నేల మీది ఉదాహరణలు మరో రెండు వచ్చాయి. గుంటూరువారికి కోకా సుబ్బారావుగారి మీద ప్రత్యేకమైన అభిమానం ఉండటం సహజం. 1954లో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు ఈ ఊళ్లోనే ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని వదులుకుని, 1967 రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడారు. కానీ ఆయన తిరిగి వెళ్లి నడపవలసిన పార్టీ ఏదీ లేదు. నీలం సంజీవరెడ్డిగారి కథ ఇంతకన్నా లోతైనది. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అయి ఉండి కూడా, ద్వితీయ ప్రాధాన్య ఓట్ల లెక్కింపు తరువాత 4,05,427 విలువ ఓట్లతో, 4,20,077 పొందిన వి.వి.గిరిగారి చేతిలో ఓడిపోయారు. అనంతపురం జిల్లాలోని సొంత ఊరు ఇల్లూరుకు వెళ్లి సేద్యం చూసుకున్నారు. 1977 లోక్‌సభ ఎన్నికలో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచిన ఒకే ఒక్కరు ఆయన. లోక్‌సభ స్పీకరై, అదే ఏడాది జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఎంతో గొప్ప పునరాగమనం అది, నేను ఎప్పుడు చదివినా కదిలించేది. అయినా మన ప్రశ్నకు అది సాక్ష్యంగా నిలవదు. ఆయన పోటీ చేసింది ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే ఓటు వేసే పరోక్ష ఎన్నికలో. తిరిగి వచ్చింది పార్టీని నడపడానికి కాదు. ఉదాహరణను వాడేముందు ప్రశ్నలోని ప్రతి షరతునూ దానికి తగిలించి చూడండి: ప్రజలు నేరుగా ఓటు వేశారా, ఓడిన మనిషి తిరిగి వచ్చింది పార్టీ నాయకత్వానికేనా, ఆ పార్టీ తనదేనా? ఒక్క షరతు తగలకపోయినా ఆ ఉదాహరణను పక్కన పెట్టండి, అది ఎంత మన ఊరిదైనా సరే.

అన్ని షరతులూ తగిలే ఉదాహరణలు కావాలంటే దక్షిణ కొరియానే చూడాలి. ఒకే రాజ్యాంగం, ఒకే అయిదేళ్ల ఏకైక పదవీకాలం, కొద్ది నెలల్లోనే పార్టీ నాయకత్వానికి తిరిగి వచ్చిన ముగ్గురు అభ్యర్థులు అక్కడ దొరుకుతారు.

2017లో మూన్ జే–ఇన్ గెలిచాడు. 24 శాతం ఓట్లతో రెండో స్థానంలో నిలిచిన హాంగ్ జూన్–ప్యో జులైలోనే లిబర్టీ కొరియా పార్టీ నాయకుడయ్యాడు. మరుసటి ఏడాది జూన్ స్థానిక ఎన్నికల్లో పార్టీ ఘోరంగా దెబ్బతినగానే తప్పుకున్నాడు. దాదాపు 21 శాతంతో మూడో స్థానంలో నిలిచిన ఆన్ చోల్–సూ ఆగస్టు 27న పీపుల్స్ పార్టీ నాయకుడిగా ఎన్నికయ్యాడు, అదీ 51 శాతంతో, అంటే సగానికి కొంచెం పైన. 2018 ఫిబ్రవరిలో ఆయన పార్టీని మరో పార్టీతో కలిపినప్పుడు, ఆ కలయికను వ్యతిరేకించినవారు వేరే పార్టీ పెట్టుకుని వెళ్లిపోయారు. జూన్‌లో సియోల్ మేయర్ ఎన్నికలో ఆయన మళ్లీ మూడో స్థానంలోనే నిలిచాడు. ఇక లీ జే–మ్యుంగ్ 2022 మార్చిలో యూన్ సుక్–యోల్ చేతిలో కేవలం 0.73 శాతం తేడాతో ఓడాడు. జూన్ ఉప ఎన్నికలో ఇంచియాన్ నుంచి జాతీయసభకు వెళ్లి, ఆగస్టు 28న 77 శాతానికి పైగా ఓట్లతో డెమోక్రటిక్ పార్టీ నాయకుడయ్యాడు. 2024 ఏప్రిల్ జాతీయసభ ఎన్నికల్లో పార్టీని గెలిపించాడు, 2025 జూన్ 3న దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

పద్నాలుగు వ్యాసాల పద్ధతిలో అయితే జవాబు ఇక్కడికి వచ్చేసినట్టే: హాంగ్, ఆన్ రాకూడదు, లీ రావాలి. అయితే లీ అధ్యక్షుడైన దారిని మరోసారి చూడండి. 2024 డిసెంబర్ 3 రాత్రి యూన్ సైనిక శాసనం ప్రకటించాడు, జాతీయసభ దాన్ని గంటల్లోనే తిప్పికొట్టింది, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయనను పదవి నుంచి తొలగించింది. రెండేళ్లు ముందుగా ఎన్నిక వచ్చింది అందువల్లే. 2022 ఆగస్టులో ఓటు వేసిన పార్టీ సభ్యులలో ఎవరికీ ఇది తెలియదు, తెలిసే వీలూ లేదు. ఆ రోజు వారు తీసుకున్న నిర్ణయం సరైనదా కాదా అని తేల్చడానికి, ఆ రోజు వారి ముందు లేని సంగతిని మనం సాక్ష్యంగా వాడితే, విత్తనం వేసిన రైతును వర్షం పడిందో లేదో చూసి తెలివైనవాడో కాడో తేల్చినట్టు అవుతుంది. అందువల్ల ఇలాంటి ప్రశ్న మీద రాసేటప్పుడు మీ కలాన్ని నిర్ణయం జరిగిన తేదీ దగ్గర ఆపండి. ఆ తేదీ నాటికి తెలిసినదంతా రాయండి, తరువాత జరిగినది ఒక్క వాక్యం కూడా రాయకండి. వ్యాసం పూర్తయ్యాక కావాలంటే చివర కలపండి.

అలా ఆపి చూస్తే రెండు ఆగస్టులూ మరింత స్పష్టంగా విడిపోతాయి. 2017 ఆగస్టు నాటికి తెలిసినది ఇది: ఆన్ మూడో స్థానంలో నిలిచాడు, ఏడాది ముందు తన పార్టీకి గ్వాంగ్జులోని ఎనిమిది స్థానాలూ ఇచ్చిన హోనామ్ ప్రాంతంలో కూడా మూన్ కంటే వెనకపడ్డాడు, ప్రత్యర్థి కొడుకు మీద తన పార్టీవారు ప్రచారంలో వాడిన సాక్ష్యం కల్పితమని తేలి, పార్టీ జూన్‌లోనూ, ఆయన జులైలోనూ క్షమాపణ చెప్పవలసి వచ్చింది, ఆ క్షమాపణకు నెల తిరగకముందే పోటీ ప్రకటిస్తే సొంత పార్టీ జాతీయసభ సభ్యులు పన్నెండు మంది బహిరంగంగా వద్దన్నారు. 2022 ఆగస్టులో లీ విషయంలో ఓటమి తేడా అతి స్వల్పం, జాతీయసభలో మెజారిటీ ఆయన పార్టీదే, సభ్యుల మద్దతు పెద్దది. కానీ ఆయన మీద దర్యాప్తులు నడుస్తున్నాయి, జూన్ స్థానిక ఎన్నికల్లో పార్టీ ఓడింది. ఈ రెండు సంగతులనూ దాచి లీ పక్షాన రాసిన వ్యాసం న్యాయవాది వాదనలా ఉంటుంది గానీ, ఆలోచించే మనిషి రాతలా ఉండదు.

నా అభిప్రాయం ఏమిటని గదిలో అడిగారు, దాచను. వచ్చే హక్కు ఎవరికైనా ఉంది. కానీ రావాలంటే ముందు ఓటమికి లెక్క చెప్పాలి. ఏ ప్రాంతం, ఏ వర్గం, ఏ మాట తనను వదిలేశాయో, వాటిలో తన తప్పు ఎంతో పార్టీ సభ్యుల ఎదుట నిలబడి చెప్పి, ఆ తరువాతే ఓటు అడగాలి. మధ్యలో కాలం గడవడం దీనికి తోడ్పడుతుందని నేను నమ్ముతాను. 1965లో ఓడిన ఫ్రాన్స్ నాయకుడు ఫ్రాన్స్వా మిత్తరాన్ ఆరేళ్ల తరువాత, 1971లో ఎపినే మహాసభలో సోషలిస్టు పార్టీ పగ్గాలు అందుకున్నాడు. 1974లో మళ్లీ ఓడి, 1981లో గెలిచాడు. ఆ గెలుపును నేను సాక్ష్యంగా వాడటం లేదు. ఆ ఆరేళ్లలో పార్టీ రూపం మారింది, ఆయన చేరింది ఆ కొత్త రూపంలో అన్నదే నా దృష్టికి వచ్చే సంగతి. మూడు నెలల్లో తిరిగి వచ్చేవాడికి ఆ మార్పు దొరకదు.

ఎదుటివాదాన్ని కూడా బలమైన రూపంలోనే రాయాలి. ఒక నమూనా పేరా ఇస్తున్నాను, దీన్ని చదివి, ఏ వాక్యం ఏ పని చేస్తోందో అంచు మీద రాసుకోండి:

‘దేశమంతటా గుర్తించే ముఖం పార్టీలో ఒక్కటే ఉన్నప్పుడు, ఆ ముఖాన్ని ఓటమి మరుసటి నెలలోనే దాచేస్తే పార్టీకి మిగిలేది కార్యాలయం, జెండా మాత్రమే. ఆయనకు ఓటు వేసిన లక్షలమంది పార్టీకి వేయలేదు, ఆయనకే వేశారు. ఆయన లేకపోతే వారు ఇంకో ఇంటికి వెళతారు. ఇది నిజమే. అయితే రెండో వరుస లేకుండా పార్టీని ఇన్నాళ్లు నడిపింది ఎవరన్న ప్రశ్నకు జవాబు కూడా ఆయనే అయినప్పుడు, ఆ లోటును తీర్చే పని ఆయన చేతికే అప్పగించడానికి సభ్యులు ఒక హామీ అడగాలి: వచ్చే ఎన్నికకు కనీసం ఇద్దరు పోటీదారులు సిద్ధంగా ఉండాలి.’

ఇక్కడ ‘ఇది నిజమే’ అన్న రెండు మాటల వాక్యాన్ని గమనించండి. ఎదుటివాదంలో ఒప్పుకోవలసినది ముందుగా, పూర్తిగా ఒప్పుకున్నాకే నా మాట మొదలైంది. మన విద్యార్థులు ఈ చోట ‘అయినప్పటికీ’ అని తొందరపడి, ఒప్పుకోవడాన్ని సగంలో తుంచేస్తారు.

ఈ వారం అభ్యాసం: 2007 ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక రెండో విడతలో దాదాపు 47 శాతం ఓట్లు తెచ్చుకుని నికొలా సర్కోజీ చేతిలో ఓడిన సెగొలేన్ రోయాల్, మరుసటి ఏడాది నవంబరులో సోషలిస్టు పార్టీ నాయకత్వానికి పోటీ చేసి, మార్టిన్ ఓబ్రీ చేతిలో 102 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఓటింగు ముందు రోజు మీరు ఆ పార్టీ సభ్యులని అనుకుని, ఆమెకు ఓటు వేయాలా వద్దా అన్నది మూడు పేరాల్లో రాయండి. మొదటి పేరా ఎదుటివాదానిది కావాలి. ‘వచ్చు’ ప్రత్యయం ఎక్కడైనా వాడితే దాని కింద గీత గీసి, అది ఊహో అనుమతో పక్కన రాయండి. ఫలితం మీకు ఇప్పటికే తెలుసు కాబట్టి, దాన్ని ఎక్కడా వాడకుండా రాయడమే ఇందులో కష్టమైన భాగం. వ్యాసాలు వచ్చే ఆదివారం లోపు అందితే, ఆరో పాఠంలో వాటి మొదటి పేరాలనే తీసుకుని దిద్దుదాం.