త్వరగా రిటైర్ అవ్వాలనుకుంటున్నారా, ముందు ఇంట్లో అందరి పెట్టుబడులూ ఇలా చూస్కోండి

ఉద్యోగం మానేద్దాం అనుకోగానే అందరం చేసే మొదటి పని మొత్తం ఎంతుందో కూడుకోవడం. నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన నంబరు. జీతం ఆగిపోయాక మొదటి పదేళ్లు ఏ డబ్బు ఎక్కణ్ణుంచి తీస్తాం అన్నదే అసలు విషయం.

ముందు ఖర్చు తేల్చండి. పోయిన 12 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు తీసి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి, ఒక్కరే చేస్తే ఏదో ఒకటి జారిపోతుంది. మేం చేసినప్పుడు ఏడాదికోసారి కట్టే ప్రీమియంలు, ఫీజులు, బండి రిపేర్లు నేనసలు లెక్కలోకే తీసుకోలేదు, మా ఆవిడ పెన్ను పట్టుకుని ఒక్కోటీ రాస్తూ పోతే నెల ఖర్చు దాదాపు ఆరో వంతు పెరిగింది. ఇప్పుడు ఆఫీసు వాళ్లు కడుతున్న హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే రేపు అదీ మనమే కట్టుకోవాలి, మర్చిపోకండి.

తర్వాత ఒకటే షీట్ తెరిచి ఇంట్లో అందరి పేర్ల మీద ఉన్నవన్నీ ఎక్కించండి: ఎవరి పేరు, ఏంటది, ఎంత, నామినీ ఎవరు, అమ్మితే టాక్స్ ఎంత, ఇంకా ముఖ్యంగా ఎప్పుడు చేతికొస్తుంది. ఈ చివరి కాలమ్ దగ్గర చాలాసేపు ఆగండి. 60 నిండితే గానీ రాని పెన్షన్ డబ్బు, 45కి మానేసే మనిషికి 15 ఏళ్లపాటు లేనట్టే. మనం ఉంటున్న ఇల్లు కూడా ఈ లెక్కలో వద్దు, దాన్ని అమ్ముకుని తినం కదా.

నాలుగైదు మ్యూచువల్ ఫండ్లున్నాయి కాబట్టి రిస్క్ పంచేశాం అనుకోకండి. ఒక్కో ఫండ్ ఎక్కువ డబ్బు పెట్టిన టాప్ 10 కంపెనీలు పక్కపక్కన రాసి చూస్తే సగం అవే పేర్లు ఉండొచ్చు. ఛార్జీలూ చూడండి, 100 పెడితే 30 ఏళ్లకి 8 శాతం మీద దాదాపు 1006 అవుతుంది, ఛార్జీల కింద 1 శాతం పోయి 7 వస్తే 761 దగ్గరే ఆగుతుంది.

ఇంక అందరూ చెప్పే 4 శాతం రూల్. 1994లో అమెరికాలో విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ అక్కడి పాత మార్కెట్ లెక్కలతో తేల్చింది, మొదటి ఏడాది మొత్తంలో 4 శాతం తీసి తర్వాత ఏటా ద్రవ్యోల్బణం మేరకి పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు వస్తుందని. మనకి కావాల్సింది 45, 50 ఏళ్లు. అందుకే నేను 3 శాతం పెట్టుకున్నా, అంటే ఏడాది ఖర్చుకి 33 రెట్లు ఉండాలి.

పైగా మార్కెట్ ఏ వరసలో పడి లేస్తుందన్నదీ మన చేతుల్లో లేదు. 100 ఉంది, ప్రతి ఏడాది మొదట్లో 5 తీస్తున్నారు అనుకోండి. రాబడి వరసగా మైనస్ 30, ప్లస్ 10, ప్లస్ 30 వస్తే మూడేళ్లకి 81.4 మిగుల్తుంది, అవే మూడూ తిరగేసి వస్తే 87.7. ఏమీ తీయకపోతే రెండిట్లోనూ 100.1 ఉండేది, అంటే పడిపోయినప్పుడు అమ్ముకోవడం వల్లే ఏడాది ఖర్చు కంటే ఎక్కువ ఎగిరిపోయింది.

దీనికి మందు, మానేసే రోజుకి కనీసం రెండు మూడేళ్ల ఖర్చు డిపాజిట్ల లాంటి, మార్కెట్‌తో విలువ కదలని చోట ఉంచుకోవడం, ఒకేసారి కాకుండా ముందు రెండేళ్ల నుంచీ కొంచెం కొంచెంగా మార్చుకుంటూ రండి. అలాగని భయపడి షేర్లన్నీ అమ్మేయొద్దు, 6 శాతం ద్రవ్యోల్బణంలో ఖర్చు 12 ఏళ్లకే డబుల్ అవుతుంది, దాన్ని డిపాజిట్లు మొయ్యలేవు.

రిజైన్ లెటర్ ఇచ్చేముందు ఓ ఆరు నెలలు జీతం ముట్టుకోకుండా పక్కకి తోసేసి, రేపు తీసుకుందాం అనుకున్న ఆ నెల మొత్తంతోనే ఇల్లు నడిపి చూడండి. షీట్ ఎక్కడుందో, ఏ లాగిన్‌తో ఏది తెరుచుకుంటుందో ఇంట్లో రెండో మనిషితో ఒకసారి చేయించండి, మీరు పక్కన కూర్చుని చూస్తూ ఉండండి చాలు.